వాడరేవులో రెండు భోజనాలు

వెంకటనారాయణకు పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు, పెంకుటిల్లు డాబా అయింది, వినుకొండ చుట్టుపక్కల మిరప రైతులంటే ఆయన పేరే ముందు చెబుతారు. ఇన్నీ జరిగాయి గానీ, పెళ్ళాం అన్నం తింటుండగా ఆయన ఒక్కసారైనా చూడలేదు. చూడాలని తోచనూ లేదు. ఆ ఇంట్లో మగవాళ్ళు ముందు తింటారు, ఆడవాళ్ళు వడ్డిస్తారు. మగవాళ్ళు చేతులు కడుక్కుని అరుగు మీదికి వెళ్ళాక, ఆడవాళ్ళు వంటింటి తలుపు ఓరగా వేసుకుని తింటారు. ఏం తింటారో ఎవరూ అడగరు. మిగిలింది తింటారు, ఇంకేం తింటారు!

అన్నం తిని బయటికొచ్చే వేళకు సుబ్బరావమ్మ కళ్ళు ఎర్రగా, తడిగా ఉండేవి. కొత్తల్లో ఒకసారి అడిగితే "పొగండీ" అంది. పెళ్ళాం మీద ప్రేమ లేని మనిషేం కాదు వెంకటనారాయణ. మేస్త్రిని పిలిపించి పైకప్పుకు పొగగొట్టం పెట్టించాడు. తర్వాత కిరసనాయిలు స్టవ్వు కొన్నాడు. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆవిడ కళ్ళంతే కాబోలనుకుని వదిలేశాడు.

ఎనభై నాలుగు వేసవిలో ఆయన కాయకు గుంటూరు మిర్చి యార్డులో మంచి పేరొచ్చింది. కమీషన్ వ్యాపారి యలమందయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "బావా, వాడరేవులో మాకో గది ఉంది. చెల్లెమ్మను తీసుకెళ్ళి రెండ్రోజులు సముద్రం గాలి పీల్చుకుని రా. ఎప్పుడూ ఆ చేలో పడి చావటమేనా?" అన్నాడు. వెంకటనారాయణ కాదంటూనే తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

సముద్రాన్ని చూసి సుబ్బరావమ్మ నోరు తెరిచింది. "అమ్మో, ఇన్ని నీళ్ళే! వీటిలో కాసిని మన సాగర్ కాలవకు వదలకూడదూ?" అంది. "ఉప్పునీళ్ళే, పిచ్చిదానా" అని నవ్వాడు ఆయన. ఆ నవ్వు మధ్యాహ్నం భోజనం దాకా నిలిచింది.

ఒడ్డుకు కాస్త ఇవతల, సరుగుడు తోటను ఆనుకుని, తాటాకు పందిట్లో ఒక భోజన హోటలుంది. దాని యజమాని రాధాకృష్ణమూర్తి. పచ్చటి ఛాయ, ఇస్త్రీ పంచె, నుదుట గంధం బొట్టు. గల్లాపెట్టె దగ్గర కుదురుగా కూర్చునే రకం కాదు. నేతిగిన్నె పట్టుకుని విస్తరి విస్తరికీ తిరుగుతూ ఎవరికేం కావాలో తనే కనుక్కుంటాడు.

"మీరు తినండి, నేను తర్వాత తింటా" అంది సుబ్బరావమ్మ, బల్ల పక్కన నిలబడి.

"తర్వాతేమిటే? ఇదేమన్నా మనిల్లా? కూర్చో, అందరూ చూస్తున్నారు."

ఆవిడ కొంగు సర్దుకుని ఎదురుగా కూర్చుంది. ఆ విధంగా వెంకటనారాయణ మొదటిసారి పెళ్ళాం అన్నం తింటుంటే చూశాడు. ముద్ద చిన్నది. మెతుకు కింద పడదు. మొదట ఆయనకు నవ్వొచ్చింది, తర్వాత ముచ్చటేసింది. ఆ ముచ్చట కాసేపు ఉండనిచ్చి ఉంటే ఈ కథే లేదు.

సుబ్బరావమ్మ పండుమిరపకాయ పచ్చడిని చిటికెనవేలితో ఆకు చివరికి నెట్టేసింది. పాలు పోసి వండిన సొరకాయ కూర మాత్రం ఆకు మీద ఆనవాలు లేకుండా తినేసింది. వెంకటనారాయణకు అది కనబడింది గానీ అర్థం కాలేదు. మూర్తికి కనబడగానే అర్థమైంది. అడక్కుండానే కూరగిన్నె తెప్పించి, మారు వేయించాడు.

"అమ్మకు చప్పటి కూరలంటే ఇష్టంలా ఉంది!"

"అవునండీ, నాకు కారం పడదు" అని నవ్వింది సుబ్బరావమ్మ. నవ్వితే ఆవిడకు పన్ను మీద పన్ను బయటపడుతుంది. ఆ పన్నును చూసి ఆయనకు ఎన్నాళ్ళయిందో.

వెంకటనారాయణకు పలమారింది. మూర్తి గబగబా మంచినీళ్ళందించి "ఎవరో తలుచుకుంటున్నారు" అన్నాడు. నీ తద్దినం తలుచుకుంటున్నారు, అనుకున్నాడు వెంకటనారాయణ నీళ్ళు గుటకేస్తూ.

మిరప రైతు పెళ్ళానికి కారం పడదట! ఆ మాట మొగుడికి తెలియదు, ముద్దపప్పులో నెయ్యి పోసే మనిషికి తెలుసు! ఇరవై ఏళ్ళు తన పక్కన కాపురం చేసి ఒక్కనాడు చెప్పని ముక్క, మొహం తెలిసి అరగంట కాని వాడికి పళ్ళు కనబడేలా నవ్వి మరీ చెప్పింది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కూర తనూ తిని చూశాడు. దాంట్లో ఉప్పు తప్ప ఏముంది? పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అనలేదు. పైగా ఆ మూర్తి చేతులు! తెల్లగా, మెత్తగా, గోళ్ళు కత్తిరించుకుని ఉన్నాయి. వెంకటనారాయణ తన చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. కోతల రోజుల్లో ఆ చేతులతో చంటిబిడ్డల్ని ఎత్తుకోవడానికి కూడా జంకేవాడు ఆయన, వాళ్ళకు మంట పుడుతుందేమోనని.

సాయంత్రం ఆవిడ మోకాళ్ళ దాకా నీళ్ళల్లో దిగి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఆయన ఒడ్డున మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"రండి, చల్లగా ఉన్నాయి నీళ్ళు."

"నీకేం కూర ఇష్టమే?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"ఇదేం ప్రశ్న? మీకేది ఇష్టమైతే అదే."

"ఆ హోటలాయనకి చెప్పావుగా!"

"ఆయన అడిగాడు, చెప్పాను."

"నేను అడుగుతుంటే చెప్పవేం మరి? అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇన్నేళ్ళల్లో నోరు తెరిచి ఒక్కమాట అన్నావా నువ్వు?"

సుబ్బరావమ్మ చీర కుచ్చిళ్ళు పిండుకుంది. "ఆయన పరాయివాడండీ. ఆయనకి చెబితే ఏం పోయింది? ఎల్లుండికి ఆయనెవరో మనమెవరో" అంది. అని మళ్ళీ అలల్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట ఆయనకు ఊరటనివ్వలేదు సరికదా, పుండు మీద కారం చల్లినట్టయింది. పరాయివాడికి చెప్పే మాట తనకు చెప్పదంటే, ఇంతకాలం తనెవరు?

మర్నాడు వేరే హోటలుకు పోదామనుకున్నాడు. పోతే ఓడిపోయినట్టవుతుందని పంతం వచ్చింది. ఆ మూర్తి నోరు తెరవకముందే తనే చెప్పేయాలి. పెళ్ళానికేం కావాలో మొగుడికి తెలుసని ఆ పందిరంతా తెలియాలి.

విస్తళ్ళు వేశారో లేదో, చేలో కూలీలను కేకేసినట్టు అరిచాడు. "ఇదిగో, మూర్తిగారూ! మా ఆవిడకు చప్పటి కూరలే వెయ్యండి. కారం బొత్తిగా పడదు!"

పందిరంతా తిరిగి చూసింది. అలా చూసినవాళ్ళల్లో యలమందయ్య ఉన్నాడు. ఇద్దరు యార్డు వ్యాపారుల్ని వెంటబెట్టుకుని అప్పుడే గుంటూరు నుంచి దిగాడు.

"ఏంటి బావా!" అని పగలబడి నవ్వాడు. "నీ కాయ ఘాటుకి యార్డంతా తుమ్ముతుంటే, ఇంట్లో చెల్లెమ్మకే పడదా? ఇంట్లోవాళ్ళే తినని కాయ ఊరోళ్ళకి అంటగడుతున్నావన్నమాట!" వ్యాపారులూ నవ్వారు.

వెంకటనారాయణ మొహం మాడిపోయింది. బదులు చెప్పబోయేలోగా సుబ్బరావమ్మ అందుకుంది.

"ఎవరన్నారు అన్నయ్యా? ఆయనకు వేళాకోళం ఎక్కువ. మా కాయ కారం లేందే నాకు ముద్ద దిగదు."

అంటూనే పండుమిరపకాయ పచ్చడి ఇంత లాక్కుని, అన్నంలో ఎర్రగా కలిపి, అందరూ చూస్తుండగా ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒకటి, ఇంకొకటి. యలమందయ్య "అదీ, రైతు ఇల్లాలంటే!" అని తన విస్తరి వైపు తిరిగాడు.

వెంకటనారాయణ మాత్రం చూపు తిప్పుకోలేదు. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంది. ఆ కళ్ళు ఆయనకు తెలుసు. రోజూ మధ్యాహ్నం, రోజూ సాయంత్రం, వంటింటి తలుపు తీసుకుని బయటికొచ్చే కళ్ళవి.

"ఏమైందే?" అన్నాడు, మెల్లగా.

"పొగండీ."

ఆయన చుట్టూ చూశాడు. వంటశాల ఎక్కడో సరుగుడు తోట అవతల ఉంది. సముద్రం మీదినుంచి వచ్చే గాలికి విస్తళ్ళు లేచిపోకుండా గ్లాసులు పెట్టారు. పొగ ఎక్కడిది? తను పెట్టించిన పొగగొట్టం గుర్తొచ్చింది. కొన్న స్టవ్వు గుర్తొచ్చింది. తన నోటికి సరిపోయేలా వండిన కూరలన్నీ, ఆ తర్వాత ఓరగా వేసుకున్న తలుపూ గుర్తొచ్చాయి. చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే మూర్తి పెరుగుగిన్నె పట్టుకుని సుబ్బరావమ్మ విస్తరి వైపు వస్తున్నాడు. ఈ మనిషికి ఇదీ తెలిసిపోయింది! వెంకటనారాయణకు లోపల మళ్ళీ భగ్గుమంది. లేచి నిలబడి, ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో ఆ గిన్నె లాక్కున్నంత పని చేశాడు.

"ఇటివ్వండి. నేను వేస్తా."

"మీరెందుకండీ, కూర్చోండి..."

"మా ఆవిడకు నేను వేస్తానన్నానా?"

మొగుడు నిలబడి పెళ్ళానికి వడ్డించడం ఆ పందిట్లో ఎవరూ ఎరగరు. యలమందయ్య ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "అయ్యో, ఏమిటండీ ఇది, కూర్చోండి" అంటూ సుబ్బరావమ్మ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి తీసేదాకా ఆయన కదల్లేదు. తీశాక, పుట్టి బుద్ధెరిగి ఎవరికీ వడ్డించిన మనిషి కాదు కదా, గిన్నె మొత్తం ఒంపేశాడు. పెరుగు ఆకు దాటి, బల్ల దాటి, కొంత ఆవిడ చీర మీద కూడా పడింది.

ఆవిడ గబగబా నాలుగు ముద్దలు పెరుగన్నం తిని ఊపిరి పీల్చుకుంది. తర్వాత తలెత్తి ఆయన్ని చూసింది. కాస్త ముందుకు వంగి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది.

"పెరుగు పులిసింది. నాకు పులుపూ పడదు."

అయితే గోంగూర కూడా పడదన్నమాట! రెండ్రోజులకోసారి గోంగూర లేకపోతే కంచం నెట్టేసే మనిషి తను. ఇంకా ఇలాంటివెన్ని ఉన్నాయో. ఇంటికి వెళ్ళాక ఒక్కొక్కటీ అడగాలి, చెప్పేదాకా వదలకూడదు.

"ఏమిటమ్మా, పెరుగు బాగాలేదా?" అని అడిగాడు మూర్తి, ఆదుర్దాగా దగ్గరికొచ్చి.

"లేదండీ, చాలా బాగుంది" అంది సుబ్బరావమ్మ.

వెంకటనారాయణ ఖాళీ గిన్నె మూర్తి చేతికిచ్చి, మీసం తుడుచుకుని కూర్చున్నాడు.