మల్లన్న లగ్గం ఆగిన పూట

మల్లన్న మెడలో దండ పడింది. పెళ్లికూతురు పీట మీద కూర్చుంది. ఇక పుస్తె కట్టడమే తరువాయి. సరిగ్గా అక్కడ కొమురెల్లి ఒగ్గుకథ ఆపేశాడు.

మొక్కు చెల్లిస్తున్న సమ్మవ్వ వాకిట్లో పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో వేసిన పట్నం ముగ్గు చుట్టూ ఊళ్లోని గొర్రెలు కాసే కురుమలంతా కూర్చున్నారు. ఆడా మగా అందరి గుప్పిళ్లలో అక్షింతలున్నాయి. డోలు కొట్టే అంజన్న ఊపులో రెండు దెబ్బలు ఎక్కువేసి, పక్కకు చూసి తానూ ఆగాడు.

"నీళ్లు గావాల్నా మామా?"

"అద్దు."

"మరేంది? మల్లన్న పుస్తె పట్టుకోని నిలవడ్డడు."

"నిలవడనియ్."

జనం నవ్వారు. ఊరించడం కొమురెల్లికి అలవాటే. అయితే ఈసారి అతను కింద కూర్చుని కాలి గజ్జెలు విప్పసాగాడు. నవ్వులు ఆగిపోయాయి. దేవుని పెళ్లి నడిమధ్యలో ఆగితే మొక్కుకున్న ఇంటికీ మంచిది కాదు, వినడానికి వచ్చినవాళ్లకూ మంచిది కాదు.

కులపెద్ద బుచ్చిరాములు లేచాడు. "ఏంరా, పొద్దుగాల్నే కల్లు తలకెక్కిందా?"

"కల్లు ముట్టలే అన్నా. శుక్రారం మీరందరు కూసోని నా బిడ్డ సదువు ఆపిండ్లు. గియ్యాల నేను దేవుని లగ్గం ఆపిన. చెల్లుకు చెల్లు."

కొమురెల్లి కూతురు అనసూర్య సుల్తానాబాద్‌లో మెట్రిక్ పాసైంది. ఆ ఊరి కురుమల్లో మగపిల్లలు కూడా అంతదాకా వెళ్లలేదు. కరీంనగర్ కాలేజీలో పీయూసీ సీటు వచ్చింది. అది అరవై నాలుగో సంవత్సరం. ఆడపిల్ల పట్నంలో హాస్టల్లో ఉండడమేమిటని కులం కూర్చుని వద్దని తేల్చింది. ఆ రోజు కొమురెల్లి చేతులు కట్టుకుని చివర కూర్చున్నాడు, నోరు మెదపలేదు. ఒగ్గు డమరుకం చేతికొస్తే సంగతి వేరు. కథ నడిచే వాకిట్లో అతనిదే మాట.

"ఆపితే ఏమాయె?" అన్నాడు బుచ్చిరాములు. "ఉత్తరం సదువుతది. బస్సు మీది పేరు సదువుతది. ఆడిపిల్లకు ఇంకేం గావాలె?"

"గట్లనా? మల్లన్న పుట్టిండు, పెరిగిండు, పిల్లను సూసిండు, దండ గూడ ఏసిండు. కథ శానా అయింది గదా. మీకు మాత్రం ఇంకేం గావాలె? లేసి ఇండ్లకు పోండ్రి."

ఒక్కరూ లేవలేదు.

"మరి గీ గుప్పిట్ల బియ్యం ఏం జేసుడురా?" అన్నాడు ఓ ముసలాయన.

"నా బిడ్డ గూడ గట్లనే పట్టుకోని కూసున్నది తాతా. ఏడ పొయ్యాల్నో మీరే జెప్పుండ్రి."

బుచ్చిరాములుకు చిర్రెత్తింది. "సుద్దులు జెప్పకు! పోత అని పిల్లను అనమను. కులం ముంగట నిలవడి అనమను."

ఆ పిల్ల అనదన్న ధైర్యంతోనే అలా అన్నాడు. తల్లి సత్తవ్వ చెంగు పట్టి గుంజుతున్నా అనసూర్య లేచి నిలబడింది.

"పోత, పెద్దబాపూ. ఎందుకో గూడ జెప్త. పోయిన వానకాలం దగ్గు రోగమచ్చి మన మందలు సగం పోయినయి. పశువుల డాక్టరు మూతికి రుమాలు కట్టుకోని దొడ్డి అవుతలకెళ్లే సూసిండు. ఏదో రాసిచ్చిండు, పోయిండు. ఏ గొర్రె ఎట్ల దగ్గుతె ఎన్నొద్దులు బతుకుతదో నాకెర్క, ఆయనకు తెల్వది. ఆయన రాసిందేందో ఆయనకెర్క, నాకు తెల్వది. గీ రెండు ఎర్కలు ఒక్క మనిషి దగ్గర ఎందుకుండద్దు? మెట్రిక్‌తోని గది రాదు. పీయూసీ సదివి, గా మీద పశువుల డాక్టరు సదువు సదువుత."

"ఆడిది గొర్ల డాక్టరా!" ఎవరో పకపకా నవ్వారు.

"గొర్లను కాసేటప్పుడు ఆడిదాన్ని గాదా కాకా?"

ఆమె తండ్రివైపు తిరిగింది. "బాపూ, నువ్వు గూడ తప్పే జేసినవ్. దేవుణ్ని అడ్డం పెట్టి వీళ్లను అడుగుడెందుకు? సీటు కాలేజోళ్లు ఇచ్చిండ్లు, కులం ఇయ్యలే. వీళ్లు ఊ అన్నా పోత, ఉహూ అన్నా పోత."

బుచ్చిరాములు గొంతు తగ్గించాడు. తగ్గించాడంటే కోపం ముదిరిందన్నమాట. "సరే, పో. నువ్వు బస్సెక్కిన నాటికెళ్లి మీ బాపును ఏ ఇంట్ల కథకు పిలువరు. గజ్జెలు అటకెక్కుతయి."

అనసూర్య ఒక అడుగు వెనక్కి వేసింది. కొమురెల్లికి కథ తప్ప వేరే బతుకు లేదు. అతను విప్పిన గజ్జెలవైపు ఒకసారి చూసుకుని, "ఎక్కనియ్ బిడ్డా, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు.

అప్పుడు లేచింది సమ్మవ్వ.

"ఓ బుచ్చిరాములూ, గీ మొక్కు ఎవలది?"

"నీదే చిన్నమ్మా."

"వాకిలి?"

"నీదే."

"నా వాకిట్ల ఎవలు కథ జెప్పాల్నో నువ్వు జెప్తవా? నాయి పదారు గొర్లు సచ్చినయి. నీ కులం అచ్చి ఒక్కదాన్నన్న లేపిందా? కొమురెల్లీ, వచ్చేయేడు మొక్కుకు గూడ నువ్వే. గజ్జెలు కట్టు."

"మా ఇంటికి గూడ!" అంది ఆడవాళ్ల గుంపులోంచి ఇంకో గొంతు. అది ఎవరిదో చూడడానికి బుచ్చిరాములు మెడ తిప్పేలోగా మరో రెండు గొంతులు కలిశాయి.

కొమురెల్లి గజ్జెలు కట్టుకుంటూ అడిగాడు. "బస్సు ఎన్నడు బిడ్డా?"

"మంగళారం."

"మంగళారమా!" బుచ్చిరాములు అదిరిపడ్డాడు. "మంగళారంనాడు ఎవడన్న ఆడిపిల్లను గడప దాటిస్తడా? బుద్ధి ఉండద్దా? బుధారం పోతే ఏం పాయె?"

ముందు అంజన్న నవ్వాడు. తర్వాత ఆడవాళ్లు చెంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. తానేమన్నాడో అప్పటికి తెలిసొచ్చి, బుచ్చిరాములు భుజం మీది గొంగడి తీసి మళ్లీ మడతపెట్టుకున్నాడు.

"బుధారం పొద్దుగాల్ల కాలేజీ సురువైతది, పెద్దబాపూ" అంది అనసూర్య. "మంగళారమే పోత."