వెండిరంగు పూసిన వంతెన

నేను ఒక వేలాడే వంతెనను. కాలవకు ఇటూ అటూ రెండేసి ఇనుప స్తంభాలు, వాటి మీదుగా లావుపాటి తీగ తాళ్లు, తాళ్ల నుంచి దిగే కడ్డీలు, కడ్డీలు మోసే టేకు చెక్కలు, అదీ నా ఒళ్లు. నన్ను కట్టించిన దొర తానే మొదట దాటి, అవతలి ఒడ్డున కళ్లు తిరిగి కూలబడ్డాడు. తరవాత కాలవల శాఖవాళ్లు నన్ను పంచాయతీకి అప్పగించారు. జనానికి చూపించేటప్పుడు ఇద్దరూ మాదంటారు, చెక్క విరిగితే మీదంటారు.

మొన్న నా ప్రాణం మీదికే వచ్చింది. నన్ను పాత ఇనుపకొట్టుకు తోలేసి సిమెంటు వంతెన కడతారట. నాకు నూరేళ్లు దాటాయని రుజువైతే మాత్రం కాపాడతారట. అది తేల్చడానికి శేషఫణి అనే అధికారి వస్తున్నారని కబురొచ్చింది. రోజూ చేపల గంపతో నన్ను దాటే నూకరత్నం ఊరంతా లేపింది.

"పెద్దమనిషి వత్తన్నాడు. ఇలా తుప్పట్టి కనిపిత్తే మన పరువేం కానూ!"

అంతే, పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు తుప్పు మీదే తలనుంచి పాదాల దాకా వెండిరంగు పూశారు. ఒక్క పూటలో నా వయసంతా మాయమైంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు రంగు ఆరకముందే శేషఫణి గారు తెల్లచొక్కాలో దిగారు.

"ఇది నిన్న కట్టినట్టుందే! కాగితాలున్నాయా?"

"చెదలు తినేశాయండి," అన్నాడు సర్పంచి.

"మా అమ్మమ్మ దీని మీదే నడిచిందండి బాబూ!" అంది నూకరత్నం.

"అమ్మమ్మలు చాలరమ్మా, అంకెలు కావాలి," అంటూ ఆయన నా నడుమ దాకా వచ్చారు.

నాకు ఒళ్లు మండి గట్టిగా ఊగాను. ఆయన వెనక్కి పరుగెత్తి, స్తంభానికి వీపు అదిమి, కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరినీ పిలిచారు. తేరుకున్నాక, కొత్తదే, కూల్చుకోవచ్చని రాయడానికి ఒడ్డున ఉన్న జనానికి వీపు చేసి, నా వైపు తిరిగి కాగితం తీశారు.

"అయ్యగారూ, కదలకండి! అంకెలు మీ వీపు మీదే ఉన్నాయండి!" అని నూకరత్నం కేకపెట్టింది.

స్తంభానికి పోతపోసిన సంవత్సరం తుప్పులో కలిసిపోయి ఎవరి కంటికీ ఆనలేదు. అదిప్పుడు తెల్లచొక్కా మీద వెండిరంగులో అచ్చుపడింది: 1881. తిరగేసి చదివినా అంతే.

ఆయన చొక్కా విప్పి చూసుకున్నారు. తరవాత బనీనుతోనే నా చెక్కల మీద చతికిలబడి, నన్ను కూల్చకూడదని రాయడం మొదలుపెట్టారు. రుజువు కింద చొక్కాను కాగితాలకు జతచేశారు. నూకరత్నం గంప మీది తుండుగుడ్డ తీసి, చేపల వాసనతో సహా ఆయన భుజాల మీద కప్పింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ గాలి ఎంత తోసినా, ఆయన సంతకం పూర్తయ్యేదాకా నేను కదిలితే ఒట్టు.