మధ్యలో ఎర్ర గౌను

మా చెల్లెలి మొగుడు, అంటే నా మరిది, వేసే బొమ్మలు ఏనాడూ నా బుర్రకెక్కలేదు. మనుషులకు ఆకుపచ్చ ముఖాలు, వంకర కాళ్లు, తల ఒకచోట మొండెం ఒకచోట. అడిగితే "కంటికి కనపడింది కాదు వదినా, మనసుకి తగిలింది వేస్తాను" అంటాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుని ఊరుకునేదాన్ని.

చెల్లెలు నాట్యబృందంలో నర్తకి. ఆ బృందానికి బట్టలు కుట్టేది నేను. కిందటేడు వేదిక మీదే పడి దాని మోకాలు చితికింది. ఇక ఆడలేదని డాక్టర్లు తేల్చేశారు. ఆస్పత్రి నుంచి అది మొగుడింటికి వెళ్లకుండా నేరుగా నా దగ్గరికి వచ్చేసింది. ఎందుకే అంటే నోరు విప్పదు. మరిది వారం వారం వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, చూస్తే నాకే జాలేసేది.

చివరికి ఒకరోజు, "తన కోసమే ఒక బొమ్మ వేశాను వదినా. ఒక్కసారి చూస్తే ఇంటికి వచ్చేస్తుంది" అన్నాడు. నేనే బతిమాలి చెల్లెల్ని తీసుకెళ్లాను. దాని కాపురం నిలబడితే అంతే చాలు నాకు.

గోడంత బొమ్మ. వేదిక మీద పచ్చటి వెలుగు, వరుసగా నీలం ముఖాల నర్తకులు. మధ్యలో నేను కుట్టిన ఎర్ర గౌను. ముఖం లేకపోయినా అది మా చెల్లెలే. వెనక్కి వాలి, రెండు చేతులూ చూసేవాళ్ల వైపు చాచి ఉంది. అతని బొమ్మ చూసి నా కళ్లు చెమర్చడం అదే మొదలు.

చెల్లెలు కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పటిదండీ?"

"నీ చివరి ప్రదర్శనలోది. ఒక్కసారిగా ఇలా వాలి చేతులు విసిరావే, అంత గొప్పగా నువ్వెప్పుడూ ఆడలేదు! ముందు వరుసలో కూర్చుని అక్కడికక్కడే గీసుకున్నాను. ఆ తర్వాతే కదా పడిపోయావు."

"తర్వాత కాదండీ," అంది అది మెల్లగా. "అప్పటికే మోకాలు పోయింది. పడిపోతున్నానని మీకేసి చేతులు చాచాను. మీరు తలొంచుకుని గీసుకుంటున్నారు."

మరిది బొమ్మలోని ఆ చాచిన చేతులకేసి చూశాడు. నాకు ఇద్దరిలో ఎవరి కోసం ఏడవాలో తెలియలేదు.

"బొమ్మ బాగుందండీ. నిజంగానే బాగుంది" అని చెల్లెలు నా భుజం పట్టుకుని లేచింది.

"ఇంటికేనా?" అన్నాడు మరిది, ఆశ చావక.

"అక్క ఇంటికి" అంది.