పదకొండు ఎర్ర పేర్లు

లింగమూర్తి టైం ఆఫీసు క్లర్కు. బొగ్గుబాయిలోకి ఎవరు దిగారు, ఎవరు పైకొచ్చారు అన్న లెక్క గోదావరిఖనిలో పద్దెనిమిదేళ్లుగా అతని చేతి మీదే నడిచింది. పాత కంప్యూటర్ ప్రోగ్రాం మొద్దుదే, కానీ చెప్పిన మాట వినేది. మొదటి షిఫ్టు వాళ్లలో కొందరు, క్వార్టర్లకు దగ్గరని, లోపలి నుంచే నడిచి పక్క బాయి దారిన బయటపడేవారు. అది రూలుకు విరుద్ధం. అందరికీ తెలుసు, ఒక్క కాగితానికి తప్ప. మూడున్నరకు లింగమూర్తి పక్క బాయికి ఫోన్ చేసి, అటు తేలినవాళ్ల నంబర్లు రాసుకుని, ఇటే వచ్చినట్టు కంప్యూటర్లో టైపు చేసేవాడు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి హైదరాబాద్ నుంచి పవన్‌కుమార్ అనే ఇంజనీరు వచ్చాడు. మీటింగులో మర్యాదగానే అడిగాడు: "దిగినవాళ్లందరూ ఇదే గేటు నుంచి బయటికొస్తారా అండీ?"

మేనేజర్ బాబూరావు పక్కనే కూర్చున్నాడు. ఉన్న నిజం చెబితే పద్దెనిమిదేళ్ల దొంగరాతలు బయటపడతాయి. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. "ఇదే గేటు సార్" అన్నాడు లింగమూర్తి. ఏం చెబుతాడు మరి, పాపం! మేనేజర్ మాత్రం నోరు విప్పాడా? టీ ఊదుకుంటూ కూర్చున్నాడు మహానుభావుడు.

ఆ ఒక్క మాటతో లింగమూర్తి ఇరుక్కుపోయాడు. గేటు దగ్గర కార్డు తాకిస్తే తప్ప మనిషి పైకొచ్చాడని కొత్తది ఒప్పుకోదు. రోజూ షిఫ్టు అయ్యాక పదకొండు పేర్లు తెర మీద ఎర్రగా మిగిలేవి, ఇంకా లోపలే ఉన్నారంటూ. వాళ్లేమో ఇంట్లో అన్నం తింటూ ఉండేవారు. "సాఫ్ట్‌వేర్లో ఏదో బగ్గు, సరిచేస్తా" అని పవన్‌కుమార్ తల బాదుకునేవాడు. చెప్పేద్దామని లింగమూర్తి రెండుసార్లు అతని దాకా వెళ్లి, నీళ్లు నమిలి వెనక్కొచ్చాడు. టైపు చేసే పని లేదు గనక పక్క బాయికి ఫోన్ చేయడమూ మానేశాడు. రెండు వారాలకు ఆ ఎర్ర పేర్లను పట్టించుకునేవాడే లేకపోయాడు.

మూడో వారం సోమవారం సాయంత్రం ఆరింటికి సారవ్వ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త కొమురెల్లి లోపల పంపు దగ్గర ఒక్కడే డ్యూటీ చేస్తాడు. ఆ పదకొండు పేర్లలో అతనిదీ ఒకటి.

"అన్నా, మా ఆయన ఇంక రాలే. నాలుగింటికే ఇంట్ల ఉండేటోడు. నాకు ఫికరైతుంది."

పవన్‌కుమార్ తెర చూసి, "ఈ పేరు రోజూ ఇలాగే చూపిస్తుందమ్మా, బగ్గు" అన్నాడు.

లింగమూర్తి కుర్చీలోంచి లేచాడు. "బగ్గు కాదు సార్! నేను అబద్ధం చెప్పిన. వీళ్లు పక్క బాయికెల్లి పైకొస్తరు. ఆగుండ్రి." ఫోన్ అందుకుని పదకొండు నంబర్లూ చదివాడు. అటు పదిమంది వచ్చారు. కొమురెల్లి రాలేదు.

వెంటనే మనుషులు దిగారు. పంపు దగ్గర ఊడిపడ్డ బండ కింద కాలు నలిగి, స్పృహ లేకుండా దొరికాడు కొమురెల్లి. ప్రాణం దక్కింది. దవాఖానలో డాక్టరు మాత్రం, "రెండు గంటల ముందు తెచ్చుంటే కాలు మిగిలేది" అన్నాడు.

వరండాలో సారవ్వ వచ్చి లింగమూర్తి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చెప్పబట్టే బతికిండు అన్నా."

"ముందుగాలనే చెప్తే కాలు గూడ మిగిలేది చెల్లె. నేనే దాచిపెట్టిన. తప్పు నాదే."

"ఇప్పుడన్న చెప్పినవ్ గద అన్నా. గా పెద్ద సార్లయితే గీ మాట గూడ చెప్పకపోదురు."

ఆమె చేతులు వదల్లేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని లింగమూర్తికి ఏడుపొచ్చింది.