విప్పని ఇంజను

మా చుట్టాలు నన్ను వెనకాల 'కేటలాగు' అంటారు. నా ఎదురుగా కూడా అంటారు గానీ, అప్పుడు కాస్త నవ్వు కలిపి అంటారు. పంపుల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసుకునే మనిషికి ఆ పేరు తప్పేమీ కాదు. కాకపోతే వాళ్లు అది నా ఉద్యోగాన్ని చూసి పెట్టలేదు, నా కారును చూసి పెట్టారు.

నాది పాత పెట్రోలు కారు. పన్నెండు వందల తొంభై ఎనిమిది సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బురేటరు. ఇప్పటి బండ్లలోలాగా లోపల కంప్యూటరు కూర్చుని పెత్తనం చేయదు. అడుగున బ్లాకు బీడు ఇనుముది, దాని మీద హెడ్డు అల్యూమినియంది. కంప్రెషను ఎనిమిదిన్నరకు ఒకటి, అంటే పెట్రోలు కాస్త నాసిగా ఉన్నా సర్దుకుపోతుంది. నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ చెబుతాను. అడగకపోయినా చెబుతానని మా ఆవిడ దెప్పుతుంది.

ఈ అంకెలన్నీ ఒక ఎత్తు, 'విప్పని ఇంజను' అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. పాత బండ్లు కొనేవాళ్లు మొదట అడిగేది అదే. హెడ్డు లేపి, లోపల చెయ్యి పెట్టి, మళ్లీ బిగించాక ఇంజను ఎంత బాగా నడిచినా దాన్ని విప్పిన ఇంజనే అంటారు. నాది విప్పలేదు. పెళ్లిలో, పేరంటంలో, ఎవరినో పరామర్శించడానికి వెళ్లినప్పుడు కూడా ఏదో ఒక సందు చూసుకుని ఆ మాట చెప్పకుండా వచ్చేవాణ్ని కాదు.

మా ఆవిడ తమ్ముడు మెకానిక్కు. అతనికి 'నట్టు' అని పేరు పెట్టింది నేనే. నలుగురూ భోజనాలకు కూర్చున్నప్పుడు, "మా నట్టుగాడి చెయ్యి పడలేదు కాబట్టే నా ఇంజను బతికి బట్టకట్టింది" అని అందరినీ నవ్వించేవాణ్ని. అతనూ నవ్వేవాడు. ఏడాదికోసారి పై కవరు తీసి ట్యాపెట్లు సర్దడానికి మాత్రం బండిని అతని షెడ్డుకు పంపేవాణ్ని. నేను వెంట వెళ్లేవాణ్ని కాదు. నాకు ఇంజను అంటే ప్రాణమే గానీ గ్రీజు వాసన పడదు.

ఈ మధ్య నా చూపు మందగించింది. ఎదురుగా వచ్చే బండి ఒకటో రెండో తేలక ఒకసారి గోడకు రాసుకున్నాను. ఇక నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కారు అమ్మక తప్పలేదు. ఎవరికి పడితే వారికి ఇవ్వడానికి మనసొప్పక, తెలిసినవాళ్ల ద్వారా ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిని కుదుర్చుకున్నాను. పోయిన ఆదివారం పొద్దున ఆవిడ బండి చూసుకోవడానికి వచ్చింది. ఆవిడకు కార్బురేటరంటే ఏమిటో తెలియదు, మనిషి మాటంటే ఏమిటో తెలుసు.

"నాకు ఈ అంకెలేమీ అర్థం కావండీ. ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లాలి, దారిలో ఆగిపోకూడదు. ఇంజను ఎప్పుడైనా విప్పారా? అది ఒక్కటి చెప్పండి చాలు" అంది.

అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన మనిషినే అడిగింది. "కంపెనీ బిగించిన బోల్టు కంపెనీ బిగించినట్టే ఉందండీ. నా కూతురి మీద ఒట్టు" అన్నాను.

టీ కప్పులు తీస్తున్న మా ఆవిడ చేతిలో ఒక కప్పు పక్కకు ఒరిగింది. పట్టించుకోలేదు. నేను అప్పటికే ఉపన్యాసంలో పడ్డాను.

"మాట ఎందుకండీ, కళ్లతోనే చూడండి. ఫ్యాక్టరీలో హెడ్డు బోల్టు బిగించాక దాని నెత్తిన పసుపు రంగు గీత పెడతారు. బోల్టు కదిలితే గీత చెదురుతుంది. పై కవరు తీస్తే పది బోల్టులూ కనిపిస్తాయి" అన్నాను. అని, నట్టుకు ఫోన్ చేసి పానాలు పట్టుకుని రమ్మన్నాను.

"ఇప్పుడు ఎందుకండీ అదంతా? ఆవిడ నమ్మారు కదా" అంది మా ఆవిడ.

"నువ్వు ఊరుకో. నీకేం తెలుసు?"

నిజంగా ఆ మాటే అన్నాను, బయటి మనిషి ఎదురుగా.

నట్టు వచ్చాడు. సంగతి విని, "బావగారూ, గ్యాస్కెట్టు పాతబడింది, ఇప్పుడు కవరు తీస్తే ఆయిలు కారుతుంది" అన్నాడు. కారితే కారనీ అన్నాను. "ఇవాళ నాకు వేరే పనుంది" అన్నాడు. ముందు ఇది చూడు అన్నాను. అతను అక్క వైపు చూశాడు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారని అప్పుడైనా నాకు తట్టాలి. వాళ్ల బద్ధకం మీద కోపం తప్ప ఇంకేమీ తట్టలేదు. "చెప్పిన పని చెయ్యడానికి ఇంత నసుగుడేమిటి?" అని అరిచాను. పక్కింటివాళ్ల కిటికీ తెరుచుకుంది.

నట్టు కవరు మరలు ఒక్కొక్కటే విప్పాడు. కవరు ఎత్తాడు. నేను కళ్లజోడు సర్దుకుని, హెడ్మిస్ట్రెస్ గారిని పక్కకు పిలిచి, వేలు పెట్టి చూపించబోయి లోపలికి తొంగి చూశాను.

పది బోల్టులూ ఉన్నాయి. పదింటి నెత్తినా గీతలూ ఉన్నాయి. అయితే అది పసుపు రంగు కాదు. నూనెలో నానినా ఇంకా తళతళమంటున్న బంగారు రంగు. ఆ రంగు నేను ఎరుగుదును. ఒకప్పుడు మా అమ్మాయి చేతి వేళ్లకు పెట్టుకునేది, మెరుపు కలిసిన గోళ్ల రంగు.

"ఉన్నాయండీ గీతలు. మీరు చెప్పినట్టే ఉన్నాయి" అంది హెడ్మిస్ట్రెస్ గారు తృప్తిగా.

తలెత్తాను. మా ఆవిడ నా వైపే చూస్తోంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపు ఎన్నిసార్లు చూశానో. అన్నిసార్లూ అది నా మీద గౌరవమనే అనుకున్నాను. ఇప్పుడు పట్టపగలు, బానెట్టు పక్కన నిలబడి చూస్తే అది భయం. ఇంజను కోసం కాదు, అమ్మకం చెడుతుందని కాదు. నేను ఏమంటానో అని. నట్టు కూడా చేతిలో పానా తిప్పుతూ తల వంచుకుని, తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నాడు.

నిజం చెప్తే బయటి మనిషి ముందు వాళ్లిద్దరి పరువూ పోతుంది. చెప్పకపోతే, నన్ను నమ్మి ఒంటరిగా ప్రయాణాలు పెట్టుకున్న మనిషికి అబద్ధంతో బండి అంటగట్టినవాణ్ని అవుతాను. మింగలేను, కక్కలేను.

"అమ్మా, ఇంజను విప్పారు. నేనే విప్పించాను. మీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను ఎగాదిగా చూసింది. బడిలో ఎంతమందిని అలా చూసి ఉంటుందో.

"విప్పినందుకు కాదండీ. బాగు చేయించుకోవడం తప్పు కాదు. కన్నకూతురి మీద ఒట్టు వేశారు చూడండి, ఎంత తేలిగ్గా వేశారో" అంది. సంచి సర్దుకుని, మా ఆవిడకు మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

తల కొట్టేసినట్టయింది. పక్కింటి కిటికీ చప్పుడు లేకుండా మూసుకుంది. అరవడం తెలిసినంత బాగా ఊరుకోవడం నాకు తెలియదు, ఏం చెయ్యాలో తోచక బానెట్టు అంచు పట్టుకుని నిలబడ్డాను. నట్టు అడగకుండానే మొదలుపెట్టాడు.

"మీరు ట్రైనింగుకు వెళ్లినప్పుడు బావగారూ, మూడేళ్ల కింద. అమ్మాయికి ఛాతీలో నెమ్ము చేసింది. ఆ రోజు బస్సులు, ఆటోలు అన్నీ బంద్. అక్కే నడుపుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లింది. రేడియేటరు గొట్టం చిట్లి నీళ్లు పోయాయి. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ఆపితే పిల్ల దక్కేలా లేదు. ఆపలేదు."

అల్యూమినియం హెడ్డు నీళ్లు లేకుండా వేడెక్కితే వంగిపోతుంది. ఆ సంగతి ఎంతమందికి పాఠం చెప్పానో. ఆ రోజు నా ఇంజను వంగింది, నా బిడ్డ బతికింది. రెండూ నాకు తెలియవు.

"హెడ్డు చదును చేయించి, గ్యాస్కెట్టు వేసి, మీరు వచ్చేలోపు బిగించాను. మీరు ఆ గీతల గురించి ఎప్పుడూ చెప్తుంటారు కదా. పసుపు రంగు దొరకలేదు. అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చాక తన గోళ్ల రంగు తనే ఇచ్చింది."

"పిల్ల ఆసుపత్రిలో ఉందని నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

నట్టు అక్క వైపు చూశాడు. మా ఆవిడే జవాబు చెప్పింది. "చెప్తే ఎలా తీసుకెళ్లావని అడుగుతారు కదండీ. రోజూ ఫోన్ చేసేవారు. బండికి కవరు కప్పారా అని అడిగేవారు. కప్పామని చెప్పేదాన్ని."

ఆవిడ గొంతులో దెప్పుడు లేదు. ఉంటే కాస్త తేలికపడేవాణ్నేమో. ట్రైనింగు నుంచి తిరిగొచ్చిన రోజు గుర్తొచ్చింది. పెట్టె గుమ్మంలో పడేసి తిన్నగా బండి దగ్గరికి వెళ్లాను. ఆయిలు పుల్ల తీసి చూశాను. ఆయిలు తేనె రంగులో కొత్తగా ఉంటే, చూశారా, ఎన్నాళ్లయినా ఆయిలు నల్లబడని ఇంజను అని పొంగిపోయాను. కొత్త ఆయిలు ఎందుకు పోశారో ఆలోచించలేదు. పిల్ల చిక్కిపోయి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంటే, "ఏమ్మా, బాగా చదువుతున్నావా" అని దాటుకుపోయాను.

ఆ తర్వాత మూడేళ్లూ నట్టును నలుగురిలో ఆడిపోసుకున్నాను. అతను బిగించిన ఇంజనులోనే తిరుగుతూ, అతని చెయ్యి పడలేదు కాబట్టే బాగుందన్నాను. అతను నవ్వాడు. అక్క కోసం నవ్వాడు. నేల చీలితే బాగుండుననే మాట ఎందుకు పుట్టిందో నాకు తెలిసొచ్చింది.

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట నాకు అలవాటు లేదు. "కవరు బిగించెయ్" అని మాత్రం అనగలిగాను. అతని అసలు పేరు పెట్టి పిలవబోయి, నాలుక తిరగక ఆగిపోయాను. అతను తల ఊపి పానా అందుకున్నాడు.

లోపలికి వెళ్లబోతే గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది. ఇప్పుడు నా భుజం దాటి పెరిగింది. నా అరుపులు, ఆ తర్వాతి మాటలు అన్నీ విన్నట్టే ఉంది. నేనేదో అనేలోపే తను అడ్డుపడి, తల్లికీ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"నాన్నా, అమ్మనేమీ అనకు. తప్పంతా నాదే. ఆ రోజు ఇంకొంచెంసేపు నేను ఊపిరి బిగపట్టుకుని ఓర్చుకుని ఉంటే, అమ్మ దారిలో బండి ఆపేది" అంది.