కండువా కింద చెయ్యి

చిన్నరాయప్ప ఎవరి దగ్గరకు వెళ్ళినా, ఆ మనిషికి తనతో ఏం అవసరముందో ముందు చూసుకుంటాడు. విస్సన్నపేటలో మామిడి వ్యాపారం అలాగే నిలబెట్టాడు. ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో పళ్ళగుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం లెక్క తేలలేదు. రాయప్ప కాయంతా నాగపూరు లారీలెక్కుతుంది. ఈ ఫ్యాక్టరీకి ఏనాడూ ఒక్క గంప కూడా వెయ్యలేదు. ఆయనకి తనతో పనేముంది?

అవసరమంతా తనదే. కూతురు దయామణి హైదరాబాదులో ఆహార పదార్థాలు నిలవచేసే చదువు చదువుతోంది. ఈ సెలవుల్లో ఏదైనా ఫ్యాక్టరీలో ట్రైనింగు చేస్తేనే యూనివర్సిటీ వాళ్ళు ఆఖరి ఏడాదికి పంపుతారు. దగ్గర్లో ఉన్నది హనుమాన్ జంక్షన్ దారిలోని ఈ ఒక్క ఫ్యాక్టరీ. వానలు పడి కాయ అయిపోతే ఇదీ మూతపడుతుంది, పిల్లకి ఏడాది పోతుంది.

అందుకే ఏరి ఏరి గంపెడు చిన్నరసాలు తెచ్చాడు. మేనేజరు వెంకటకృష్ణారావు గంప చూసి తల పట్టుకున్నాడు.

"పొద్దస్తమానం ఈ వాసనలోనే ఉంటున్నానండీ. స్నానం చేస్తేగాని మా ఆవిడ ఇంట్లోకి రానివ్వట్లేదు. మళ్ళీ మామిడిపళ్ళేనా?"

రాయప్ప నాలుక కరుచుకున్నాడు.

"సీజన్లో నేర్పే తీరిక ఎవరికీ లేదు. పైగా ఆడపిల్ల. మాకు కాయ వేసేవాళ్ళెవరైనా పూచీ పడితే చూద్దాం" అన్నాడు మేనేజరు.

కాయ వేసేది పోతురాజు. రాయప్ప నోరు చేదయింది. రెడ్డిగూడెంలో వీరయ్య తోట కాపు కొనడానికి ఏటా పూతమీదే ఇద్దరూ పోటీ పడతారు. నాలుగేళ్ళుగా తోట రాయప్పకే దక్కుతోంది. ఇద్దరికీ మాటలు లేవు.

"ఆయన్నడగొద్దు నాన్నా. ఈ ఏడు పోతే పోనీ" అంది వెంట వచ్చిన దయామణి. అంటూనే మొహం అటు తిప్పుకుంది. రాయప్పకి ఆ మాటలో ఎంత నిజముందో తెలిసిపోయింది.

వీరయ్య తోట వదులుకోమంటాడు, అంతేగా? దారంతా ఆ తోటని మనసులో ఒక్కో చెట్టే వదులుకుంటూ, పోతురాజు పాక చేరేసరికి సిద్ధపడిపోయాడు.

"ఏంటి రాయప్పా, దారి తప్పావా? నాగపూరు ఇటు కాదే!" అన్నాడు కాయ ఏరిస్తున్న పోతురాజు. కూలీలు పకపకా నవ్వారు.

ఆ నవ్వు దిగమింగి రాయప్ప సంగతంతా చెప్పాడు.

"పిల్లేదీ?"

"బయటుందండీ."

"ఎండలో నిలబెట్టావా? బుద్ధుందా నీకు?"

దయామణికి మజ్జిగ ఇప్పించి, ఇద్దరినీ తన లారీలోనే ఎక్కించుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు పోతురాజు.

"మా రాయప్ప కూతురండీ. పూచీ నాది."

వెంకటకృష్ణారావు ఇంకేం అడగలేదు. "రేపట్నుంచి రామ్మా. మామిడిపళ్ళు మాత్రం తేకు" అన్నాడు. దయామణి నవ్వు ఆపుకోలేకపోయింది.

బయటికొచ్చాక రాయప్ప కండువా తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. మామిడి బేరంలో రేటు పైకి చెప్పరు, కండువా కింద వేళ్ళు పట్టి చెబుతారు.

"వీరయ్య తోట ఎన్నేళ్ళు వదలమంటారు? ఏడాదికో వేలు పట్టండి."

పోతురాజు ఏ వేలూ పట్టలేదు. సొన మచ్చలు పడ్డ గరుకు చేత్తో రాయప్ప చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకున్నాడు.

"పిల్ల చదువుక్కూడా రేటు కడతావేంటయ్యా? వచ్చే పూతకి నోరు మూసుక్కూర్చున్నావో, నీ పని చెప్తా. నీతో కొట్లాడి గెలిస్తేనే అది నా తోట."

కండువా జారి కిందపడినా రాయప్ప చూసుకోలేదు.

మరుసటి పూతకి వీరయ్య తోట దగ్గర రాయప్ప ఎప్పటిలాగే గట్టిగా పోటీపడ్డాడు. తోట మళ్ళీ అతనికే దక్కింది. పోతురాజు నలుగురిలో నోరారా తిట్టిపోశాడు. కాయ దిగాక, గుజ్జుకి పనికొచ్చే కలెక్టరు రకం కాయ తొలి లారీ నాగపూరు వెళ్ళలేదు, పోతురాజు పాక ముందాగింది.

"ఇదేంటి రాయప్పా?"

"కాయండీ. మా దయామణి ట్రైనింగు చేసిన ఫ్యాక్టరీకి మీ చేతిమీదుగా వేద్దామని."