ఇల్లు నాకు, మన్ను నీకు

ఫోర్ట్ వర్త్‌లో ఆ వీధి వాళ్ళంతా ఒక్క మాట మీద నిలబడ్డారంటే అది లవెర్న్ నోటి చలవే. ఇళ్ళ కింద భూమిలో ఉన్న గ్యాస్ తోడుకోవడానికి కంపెనీ మనిషి లీజు కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, "నన్నడక్కుండా ఎవరైనా సంతకం పెట్టారో, ఈ జన్మకి మీ గుమ్మం తొక్కను" అని అందరినీ బెదిరించింది. చలికాలమంతా కంపెనీతో పోట్లాడి, మొదట చెప్పిన రేటుకి నాలుగింతలు రాబట్టింది.

చర్చి హాల్లో సంతకాల రోజున అందరికంటే ముందు తనే పెన్ను తీసింది. కంపెనీ మనిషి నసిగాడు.

"మీ సంతకం అక్కర్లేదు మేడమ్. మీ ఇంటి కింద గ్యాస్ మీ మాజీ భర్తది. విడాకులప్పుడు ఆయనకి రాసిచ్చారుగా."

అప్పుడు గుర్తొచ్చింది లవెర్న్‌కి. విడాకుల కోర్టులో మొగుడు డెల్మర్, భూమి కిందున్న వాటి మీద హక్కులు తనకిమ్మని అడిగితే, "ఇల్లు నాకు చాలు, కిందున్న మన్ను నువ్వే తిను" అని తనే నవ్వింది.

వెనక కుర్చీలోంచి డెల్మర్ టోపీ తీసి లేచాడు.

"బేరం అదరగొట్టావే!"

లవెర్న్ పెన్ను అతని చేతిలో కుక్కింది.

"నీ కోసమని తెలిస్తే మొదటి రేటుకే ఒప్పుకునేదాన్ని!"

వెనక వరసలో నిలబడ్డ వీధి వీధంతా గతుక్కుమంది.